ఫోర్క్‌కు ఏ పేరు పెట్టాలి: పాత పేరుకు తోకా, కొత్త పేరా, ఇంటిపేరా?

ఉబుంటు అనే లైనక్స్ వ్యవస్థ 12.04 వెర్షన్ రోజుల్లో వీడియో ఫైలు మార్చుకోవడానికి టెర్మినల్‌లో ‘ఎఫ్ఎఫ్ఎంపెగ్’ అని కొట్టినవాళ్లకు ముందుగా ఒక హెచ్చరిక కనిపించేది. ఈ ప్రోగ్రామ్‌కు కాలం చెల్లింది, ఇకపై ‘ఏవీకన్వ్’ వాడండి అని దాని సారాంశం. అది చదివి చాలామంది ఎఫ్ఎఫ్ఎంపెగ్ ప్రాజెక్టే మూతపడిందనుకున్నారు. కానీ అది నిక్షేపంగా నడుస్తోంది. 2011లో దాని నుంచి విడిపోయిన బృందం లిబ్‌ఏవీ పేరుతో వేరే ప్రాజెక్టు పెట్టుకుంది. ఉబుంటు, దానికి మూలమైన డెబియన్ ఆ బృందం కోడ్‌నే తీసుకున్నాయి. అలవాటుపడినవాళ్లకు ఇబ్బంది కలగకూడదని పాత కమాండ్ పేరును కూడా కొంతకాలం ఉంచారు. హెచ్చరిక రాసినవాళ్లు చెప్పదలచింది తమ ప్యాకేజీలోని ఆ కమాండ్ గురించి. చదివినవాళ్లకు అర్థమైంది మొత్తం ప్రాజెక్టు గురించి. ఉబుంటు 15.04తో అసలు ఎఫ్ఎఫ్ఎంపెగ్ తిరిగొచ్చింది, డెబియన్ కూడా 2015లో అటే మొగ్గింది. ఈలోగా నాలుగేళ్ల అయోమయం మిగిలింది.

ఫోర్క్ అంటే ఒక ప్రోగ్రామ్ మూల కోడ్‌ను తీసుకుని వేరే బృందం తన దారిలో కొనసాగించడం. ఓపెన్‌సోర్స్ లైసెన్సులు ఇచ్చే హక్కే అది, అందులో తప్పేమీ లేదు. తగువంతా పేరు దగ్గరే. పూర్తిగా మార్చేస్తే పాత వినియోగదారులు కొత్త ఇల్లు వెతుక్కోలేరు. అసలు మార్చకపోతే ఏది ఎవరిదో ఎవరికీ తెలియదు. మీరు ఒక ఫోర్క్ విడుదల చేయబోతున్నా, ఆఫీసులో ఏదైనా లైబ్రరీకి ప్యాచ్ (చిన్న సవరణ) వేసి వాడబోతున్నా, ముందున్న దారులేమిటో, ఏది ఎప్పుడు పనికొస్తుందో చూద్దాం.

ఒక ముక్క ముందే చెప్పాలి. ఇక్కడ పేర్లన్నీ తెలుగు లిపిలో రాస్తున్నాను. కానీ పైపీఐ (పైథాన్ ప్యాకేజీల భాండాగారం), డెబియన్ లాంటి చోట్ల ప్యాకేజీ పేరులో తెలుగు అక్షరాలు చెల్లవు. డెబియన్‌లో అయితే చిన్న ఇంగ్లిషు అక్షరాలు, అంకెలు, కూడిక గుర్తు, అడ్డగీత, చుక్క మాత్రమే ఉండాలి, పెద్ద అక్షరాలకు కూడా చోటు లేదు.

పేరు ఒక్కటి కాదు, నాలుగు

ప్యాకేజీకి ఒకే పేరు ఉంటుందనుకోవడంతోనే చిక్కు మొదలవుతుంది. మొదటిది ప్రాజెక్టు పేరు, జనం నోట్లో నలిగేది. రెండోది రిజిస్ట్రీలో, అంటే ప్యాకేజీలు దొరికే భాండాగారంలో ఉండే ప్యాకేజీ పేరు; ఇన్‌స్టాల్ చేసిపెట్టే పిప్ (పైథాన్), ఎన్‌పీఎం (జావాస్క్రిప్ట్), ఆప్ట్ (డెబియన్, ఉబుంటు) లాంటివాటికి మనం ఇచ్చేది. మూడోది లోపలి పేరు: కోడ్‌లో ఇంపోర్ట్ చేసేది, టెర్మినల్‌లో కొట్టేది, సెట్టింగుల ఫోల్డర్‌కు ఉండేది. నాలుగోది, ‘నువ్వెవరు, నీ వెర్షన్ ఎంత’ అని వేరే ప్రోగ్రామ్ అడిగినప్పుడు ఇది చెప్పుకునే జవాబు.

ఈ నాలుగూ కలిసి మారనక్కర్లేదు. లిబ్రేఆఫీస్ 2010 సెప్టెంబరులో ఓపెన్‌ఆఫీస్.ఆర్గ్ నుంచి విడిపోయింది. ప్రాజెక్టు పేరు మారింది, ప్యాకేజీ పేరు మారింది. లోపల ఉన్న కమాండ్ మాత్రం ఇప్పటికీ ‘ఎస్ఆఫీస్’. అది 1999లో సన్ మైక్రోసిస్టమ్స్ కొనుక్కున్న స్టార్‌ఆఫీస్ కాలం నాటి పేరు. మాక్రోలు రాసేవాళ్లు నేటికీ ‘కామ్.సన్.స్టార్’ అనే రాస్తున్నారు. సన్ కంపెనీని ఒరాకిల్ కొనేసి ఏళ్లు గడిచినా కోడ్‌లో దాని పేరు నిలిచే ఉంది. సాఫ్ట్‌వేర్ బిల్డులను దానంతటదే నడిపే జెన్‌కిన్స్‌దీ అదే కథ. 2011లో దాని పాత పేరైన హడ్సన్ తమదని ఒరాకిల్ అనడంతో డెవలపర్లు ఓటింగ్ పెట్టి కొత్త పేరుకు మారారు. అయినా జెన్‌కిన్స్ మూల కోడ్ తెరిస్తే ‘హడ్సన్.మోడల్’ లాంటి పేర్లే కనబడతాయి. అప్పటికే రాసి ఉన్న ప్లగిన్లన్నీ ఆ పేర్లను పిలుస్తున్నాయి. వాటిని మార్చితే పేరు శుభ్రపడుతుంది కానీ ప్లగిన్లన్నీ పడిపోతాయి.

నా మట్టుకు, లోకానికి విడుదల చేసే ఫోర్క్‌లో మొదటి రెండు పేర్లు ఎప్పుడూ మార్చాల్సిందే, అక్కడ మొహమాటానికి తావు లేదు. తల బద్దలు కొట్టుకోవాల్సింది మూడో పేరు దగ్గర. నాలుగోదాన్ని చాలామంది మరచిపోతారు, అసలు దెబ్బలు తగిలేది అక్కడే.

పాత పేరుకు తోక

అందరికీ ముందుగా తట్టేది ఇదే. పాత పేరు చివర ‘2’, ‘ఎన్‌జీ’, ‘నెక్స్ట్’, ‘ఫోర్క్’ లాంటిదేదో తగిలిస్తారు. మంచి సంగతి ఏమిటంటే, వెతికేవాళ్లకు ఇట్టే దొరుకుతుంది, దేని నుంచి పుట్టిందో వేరే చెప్పనక్కర్లేదు. వైఫై భద్రతను పరీక్షించే ఎయిర్‌క్రాక్-ఎన్‌జీ అలా పుట్టి, అసలు ఎయిర్‌క్రాక్ మరుగున పడ్డాక కూడా అదే పేరుతో స్థిరపడింది.

అయితే ఈ పద్ధతి ఒక ఫోర్క్ వరకే పనిచేస్తుంది. రెండో ఫోర్క్ రాగానే తోకలు పెరుగుతాయి. వీడియోలు దింపుకునే యూట్యూబ్-డీఎల్ నుంచి యూట్యూబ్-డీఎల్‌సీ వచ్చింది, దాని నుంచి వైటీ-డీఎల్‌పీ వచ్చింది. మొదటి రెండింటికీ తేడా ఒక్క అక్షరం. పక్కపక్కన పెట్టి చూపిస్తే తప్ప కంటికి ఆనదు, ఎవరైనా ఫోన్‌లో చెబితే చెవికీ ఆనదు. మూడోది ముందు భాగాన్ని కూడా కుదించుకుంది కాబట్టి బతికిపోయింది. ఈ రోజు ఆ గొలుసులో చురుగ్గా ఉన్నదేదో పేరు చూసి చెప్పడం మాత్రం ఎవరి తరమూ కాదు.

అంకె తగిలించడం ఇంకా ప్రమాదం. పేరు చివర ‘2’ చూడగానే అది అసలు ప్రాజెక్టు తెచ్చిన కొత్త వెర్షన్ అనే అనుకుంటారు. ఫోర్క్ కాకపోయినా పెర్ల్ భాష చరిత్ర ఇందుకు సాక్ష్యం. పెర్ల్ 6 వేరే భాషగా ఎదిగింది. అయినా ఆ అంకె వల్ల పెర్ల్ 5 పని అయిపోయిందని లోకం అనుకుంటూ వచ్చింది. చివరికి 2019లో దానికి రాకు అని కొత్త పేరు పెట్టుకోక తప్పలేదు. ‘నెక్స్ట్’ అన్నదీ ఈ కోవలోదే. మూల ప్రాజెక్టు ఇంకా బతికే ఉంటే, మీ ఫోర్క్‌కు అలాంటి పేరు పెట్టడం వాళ్లకు మేమే వారసులమని ప్రకటించుకోవడమే. తోకే కావాలనుకుంటే తేడా ఏమిటో చెప్పే తోక పెట్టండి. ఫలానా ప్లాట్‌ఫామ్ కోసం, ఫలానా డిపెండెన్సీ (ప్రోగ్రామ్ ఆధారపడే వేరే ప్యాకేజీ) లేకుండా అని తెలిపేది ఏదైనా సరే.

సరికొత్త పేరు

మూల ప్రాజెక్టు వెనుక కంపెనీ ఉంటే ఇక్కడ ఎంపికే లేదు. అపాచీ 2.0 లైసెన్స్ కోడ్ మీద హక్కులన్నీ ఇస్తూనే, ట్రేడ్‌మార్క్ మీద హక్కు ఇవ్వడం లేదని విడిగా ఒక నిబంధనలో చెబుతుంది. కోడ్ మీదైనా పేరు మీది కాదు. ఫైర్‌ఫాక్స్ విషయంలో డెబియన్‌కు ఇది అనుభవమే. మార్పులు చేసిన బ్రౌజర్‌ను మొజిల్లా ట్రేడ్‌మార్క్‌తో ఇవ్వడం కుదరక 2006లో ఐస్‌వీసెల్ అని పేరు మార్చి ఇచ్చింది. రెండు పక్షాల మధ్య సయోధ్య కుదిరి 2016లో మళ్లీ ఫైర్‌ఫాక్స్ పేరు వచ్చింది. పదేళ్లపాటు డెబియన్‌కు కొత్తగా వచ్చిన ప్రతివాడూ ‘ఇందులో ఫైర్‌ఫాక్స్ ఏది?’ అని అడుగుతూనే ఉన్నాడు.

ఇటీవలి పెద్ద ఫోర్కులు చాలావరకు ఈ దారిలోనే వచ్చాయి. 2023 ఆగస్టులో సర్వర్ల ఏర్పాటును కోడ్‌గా రాసుకునే టెర్రాఫామ్ లైసెన్స్‌ను హాషికార్ప్ కంపెనీ మార్చగానే ఒక వర్గం మొదట ఓపెన్‌టీఎఫ్ పేరుతో ఒక్కటైంది. సెప్టెంబరులో లైనక్స్ ఫౌండేషన్ గూటికి చేరేసరికి అది ఓపెన్‌టోఫు అయింది. 2024 మార్చిలో రెడిస్ అనే డేటాబేస్ లైసెన్స్ మారినప్పుడు కూడా విడిపోయినవాళ్లు వెంటనే పేరు కోసం కొట్టుకోలేదు. పని మొదలుపెట్టడానికి ‘ప్లేస్‌హోల్డర్‌కేవీ’ అని పెట్టుకున్నారు, తర్వాత వాల్కీ అన్నారు. ఈ పద్ధతి నాకు బాగా నచ్చుతుంది. తాత్కాలికమని మొహం మీదే రాసి ఉన్న పేరును ఎవరూ అంటిపెట్టుకోరు, దాని మీద టీషర్టులు వేయించరు, ట్యుటోరియల్స్ రాయరు. మార్చడం తేలిక.

కొత్త పేరుతో వచ్చే నష్టం ఒక్కటే, ఎవరికీ తెలియకపోవడం. దాన్ని పేరులో పరిష్కరించాలని చూడకండి, వివరణలో పరిష్కరించండి. ప్యాకేజీ వివరణ మొదటి వాక్యంలోనే ‘ఇది ఫలానా ప్రాజెక్టు ఫలానా వెర్షన్ నుంచి విడిపోయింది’ అని రాస్తే రిజిస్ట్రీ వెతుకులాటలో పాత పేరు కొట్టినవాళ్లకు మీదీ కనబడుతుంది. వెర్షన్ సంఖ్య తప్పక ఉండాలి. వాల్కీ రెడిస్ 7.2.4 నుంచి, ఓపెన్‌సెర్చ్ అనే సెర్చ్ సర్వర్ ఇలాస్టిక్‌సెర్చ్ 7.10.2 నుంచి విడిపోయాయని తెలిస్తే చాలు, అంతకుముందు రాసిన డాక్యుమెంట్లు ఏ మేరకు పనికొస్తాయో వినియోగదారు తానే తేల్చుకోగలడు.

ఇంటిపేరు: స్కోపులు, దారులు

ఎన్‌పీఎంలో స్కోప్ అనేది ప్యాకేజీకి ఇంటిపేరు లాంటిది. 2022 జనవరిలో ఫేకర్ అనే జావాస్క్రిప్ట్ లైబ్రరీని దాని రచయితే పాడుచేసి 6.6.6 అనే ఖాళీ వెర్షన్ పెట్టాడు. లైబ్రరీని కొనసాగించడానికి ముందుకొచ్చినవాళ్లు ‘@ఫేకర్-జేఎస్/ఫేకర్’ అనే పేరు తీసుకున్నారు. అసలు పేరు అలాగే ఉంది, ఎవరి ఇంట్లోదో మాత్రం స్పష్టంగా తెలుస్తోంది. రేపు ఇంకో బృందం ఇంకో ఫోర్క్ తెచ్చినా ఇంటిపేరు వేరుగా ఉంటుంది కాబట్టి గందరగోళం రాదు. జావాస్క్రిప్ట్ లైబ్రరీకి నేను మొదట సూచించేది ఇదే. స్కోప్ ఉన్న ప్యాకేజీని ఎన్‌పీఎం అప్రమేయంగా ప్రైవేటు అనుకుంటుంది. మొదటిసారి విడుదల చేసేటప్పుడు అందరికీ అందుబాటులో ఉంచమని విడిగా చెప్పాలి, అది మరచిపోకండి.

స్కోప్ పేరుగా మీ సొంత ఖాతా పేరు వాడితే అది మీ ఒక్కరిదిగానే మిగిలిపోతుంది. పదిమంది కలిసి నడపాలనుకుంటే ముందే ఒక సంస్థ ఖాతా తెరవడం మేలు.

గో భాషలో ఇంటిపేరు పెట్టుకోవడం మన ఇష్టం కాదు. మాడ్యూల్ పేరు అంటే అది ఉన్న రిపాజిటరీ చిరునామాయే. వినడానికి చక్కగా ఉంటుంది కానీ ఫోర్క్ చేసేవాడికి ఇదే పెద్ద పీకులాట. గిట్‌హబ్‌లో ఫోర్క్ బటన్ నొక్కి, ఒక బగ్ సరిచేసి, స్నేహితుడికి కొత్త చిరునామా ఇస్తారు. అతను తెచ్చుకోబోతే గో ఒప్పుకోదు: ఈ మాడ్యూల్ తన పేరు ఒకటి చెబుతోంది, మీరు అడిగింది ఇంకొకటి అంటుంది. గో.మాడ్ ఫైల్లో మొదటి వరుస మార్చాలి, లోపలి ఇంపోర్టులన్నీ మార్చాలి. లేదంటే వాడేవాళ్లే తమ గో.మాడ్‌లో ‘రీప్లేస్’ వరుస రాసుకోవాలి. ఆ వరుస ప్రధాన మాడ్యూల్‌లో మాత్రమే పనిచేస్తుంది. మీ లైబ్రరీని ఇంకొకరు వాడితే వాళ్ల దగ్గర దానికి విలువ లేదు. కాబట్టి ఒకటి రెండు వారాల్లో మూల ప్రాజెక్టు మీ ప్యాచ్ తీసుకుంటుందనే నమ్మకం ఉంటే రీప్లేస్‌తో సర్దుకోండి. ఆ ఆశ లేకపోతే మొదటి రోజే పేరు మార్చేయండి. మధ్యస్థంగా వేలాడే ఫోర్కులతోనే బాధంతా.

లోపలి పేరు ఉంచాలా, మార్చాలా?

దీన్ని అర్థం చేసుకోవడానికి పైథాన్‌లోని పైక్రిప్టో ఉదంతాన్ని మించింది లేదు. ఎన్‌క్రిప్షన్ కోసం అందరూ వాడిన ఆ లైబ్రరీకి 2013 తర్వాత కొత్త విడుదల లేదు. దాన్ని అందిపుచ్చుకున్న ఫోర్క్ పైక్రిప్టోడోమ్. ఆ డెవలపర్లు ఒకే కోడ్‌ను రెండు ప్యాకేజీలుగా విడుదల చేస్తున్నారు. పైక్రిప్టోడోమ్ ఇన్‌స్టాల్ చేస్తే అది ‘క్రిప్టో’ అనే పాత పేరుతోనే కూర్చుంటుంది. మీ పాత ప్రోగ్రామ్‌లో దాదాపుగా ఒక్క అక్షరమూ మార్చనక్కర్లేదు. పైక్రిప్టోడోమెక్స్ ఇన్‌స్టాల్ చేస్తే ‘క్రిప్టోడోమ్’ అనే కొత్త పేరుతో కూర్చుంటుంది. ఇంపోర్టు వరుసలు మార్చుకోవాలి, కానీ పాత పైక్రిప్టో పక్కనే హాయిగా ఉంటుంది.

మొదటి పద్ధతిలో ఉన్న గండం ఏమిటో దగ్గరగా చూడాలి. మీ ప్రాజెక్టులో ఒక డిపెండెన్సీ పాత పైక్రిప్టోను అడుగుతోంది, ఇంకొకటి పైక్రిప్టోడోమ్‌ను అడుగుతోంది అనుకోండి. పిప్‌కు ఇవి రెండు వేర్వేరు పేర్లు, వేర్వేరు ప్యాకేజీలు. రెండింటినీ ఇన్‌స్టాల్ చేస్తుంది. రెండూ పైథాన్ ప్యాకేజీలు ఉండే సైట్-ప్యాకేజెస్ ఫోల్డర్ కింద ‘క్రిప్టో’ అనే ఒకే ఫోల్డర్‌లో ఫైళ్లు రాస్తాయి. తర్వాత వచ్చినది ముందున్న దాని ఫైళ్ల మీద రాసేస్తుంది. కొన్ని ఫైళ్లు ఇందులోవి, కొన్ని అందులోవి మిగులుతాయి. పిప్ ఏ తప్పూ చూపించదు. కొన్నాళ్లకు మీరు పాతదాన్ని తీసేస్తే, పిప్ తన జాబితా ప్రకారం ఆ ఫోల్డర్‌లోని ఫైళ్లు చెరిపేస్తుంది, అందులో కొత్తదానివీ పోతాయి. ఇన్‌స్టాల్ అయిన ప్యాకేజీల జాబితా అడిగితే పైక్రిప్టోడోమ్ ఉందనే చూపిస్తుంది. ఇంపోర్ట్ చేస్తే మాత్రం మాడ్యూల్ లేదంటుంది. ఇది చాలదన్నట్టు పైపీఐలో ‘క్రిప్టో’ అనే పేరుతోనే, కానీ మొదటి ఇంగ్లిషు అక్షరం చిన్నదిగా, దేనికీ సంబంధం లేని మరో ప్యాకేజీ ఉంది. ఇంపోర్టులో ఉన్న పేరే ప్యాకేజీ పేరనుకుని దాన్ని దింపుకున్నవాళ్లు చాలామందే ఉన్నారు. పెద్ద అక్షరానికి, చిన్న అక్షరానికి తేడా చూడని విండోస్, మ్యాక్ డిస్కుల మీద ఆ రెండు ఫోల్డర్లూ ఒకటైపోతాయి కూడా.

పైథాన్ ప్యాకేజీ మెటాడేటాలో ‘నేను ఫలానాదాని స్థానంలో వచ్చాను’ అని చెప్పే గడులు ఉన్నాయి. పిప్ వాటిని పట్టించుకోదు. డెబియన్ దారి వేరు. అక్కడ ప్యాకేజీ తానేది అందిస్తుందో, దేనితో పొసగదో, దేని స్థానంలో వస్తుందో చెప్పడానికి ప్రొవైడ్స్, కాన్‌ఫ్లిక్ట్స్, రీప్లేసెస్ అనే గడులున్నాయి, ఆప్ట్ వాటిని చదివి నడుచుకుంటుంది. రెండు ప్యాకేజీలు ఒకే ఫైలును రాయబోతే ఆప్ట్ కింద పనిచేసే డీపీకేజీ అక్కడికక్కడే ఆపేస్తుంది. ఒకే పేరు పంచుకునే సాహసం డెబియన్‌లో చేయవచ్చు, పిప్‌లో చేయకూడదు అనడానికి కారణం ఇదే. మీ ప్యాకేజీ మేనేజర్ గొడవను పట్టుకోగలదా లేదా అన్నది చూసుకుని లోపలి పేరు సంగతి తేల్చండి.

అలాగని లోపలి పేరు ఉంచడం ఎప్పుడూ తప్పు కాదు. పీఐఎల్ అనే బొమ్మల లైబ్రరీ 2009లో 1.1.7తో ఆగిపోయింది. 2010లో మొదలైన పిల్లో ఇంపోర్టు పేరును అలాగే ఉంచుకుంది. రెండూ ఒకే చోట ఉండకూడదని తన డాక్యుమెంట్లలో స్పష్టంగా రాసింది. అసలుది కదలికే లేకుండా పోయింది కాబట్టి ఇప్పుడు ఆ హెచ్చరిక అవసరం కూడా పెద్దగా రాదు. మూల ప్రాజెక్టు నిజంగా ఆగిపోయి, తిరిగి లేచే సూచన లేకపోతే లోపలి పేరు ఉంచండి. ఏ మాత్రం ఊపిరి ఉన్నా మార్చండి. రెండు వర్గాలనూ ఒప్పించాలంటే పైక్రిప్టోడోమ్‌లా రెండు ప్యాకేజీలు ఇవ్వండి, డాక్యుమెంట్లలో మొదట చూపేది మాత్రం కొత్త పేరున్నది కావాలి.

కమాండ్ల విషయంలో ఇంత గుంజాటన లేదు. నియోవిమ్ 2014లో విమ్ అనే టెక్స్ట్ ఎడిటర్ నుంచి విడిపోయినప్పుడు ‘ఎన్‌విమ్’ అనే కమాండ్ పెట్టుకుని సెట్టింగుల ఫోల్డర్‌ను కూడా వేరుచేసుకుంది. అందుకే రెండింటినీ ఒకే కంప్యూటర్‌లో ఉంచుకుని, ఏది నచ్చితే అది వాడే సౌకర్యం దొరికింది. ఓపెన్‌టోఫు కమాండును ‘టోఫు’ అని మార్చింది, ఫైళ్ల పొడిగింపు పాతదే ఉంచింది. 1.8 వెర్షన్ నుంచి ‘.టోఫు’ ఫైళ్లనూ చదువుతుంది, ఒకే పేరుతో పాతదీ కొత్తదీ రెండూ ఉంటే తన పొడిగింపు ఉన్నదాన్నే తీసుకుంటుంది. నెమ్మదిగా విడిపోయే తెలివైన పద్ధతి ఇది. పాత కమాండ్ పేరు కూడా కావాలంటే దాన్ని అసలు ప్యాకేజీలో కలపకుండా, కోరుకున్నవాళ్లు మాత్రమే వేసుకునే చిన్న ప్యాకేజీగా విడిగా ఇవ్వడం మేలు.

నువ్వెవరు అని అడిగితే

మైఎస్‌క్యూఎల్ డేటాబేస్ నుంచి విడిపోయిన మారియాడీబీ వెర్షన్ 5.5 తర్వాత ఒకేసారి 10.0కు దూకింది, మైఎస్‌క్యూఎల్ సంఖ్యలతో కలిసిపోకుండా. బాగానే ఉంది. కానీ రెప్లికేషన్‌కు (ఒక సర్వర్ డేటాను ఇంకోదానికి నకలు చేసుకోవడానికి) వచ్చే పాత మైఎస్‌క్యూఎల్ ప్రోగ్రామ్‌లు వెర్షన్‌లో రెండంకెల మొదటి భాగాన్ని చూసి తికమకపడేవి. దాంతో కనెక్షన్ పలకరింపులో మారియాడీబీ తన సంఖ్యకు ముందు ‘5.5.5-’ అని చేర్చి పంపుతూ వచ్చింది. ఎవరైనా లాగ్‌లో ‘5.5.5-10.3’ అని చూసి సర్వర్ ఏనాటిదో అని కంగారుపడితే తప్పు వాళ్లది కాదు.

ఓపెన్‌సెర్చ్ దీనికి తలకిందులు. 2021లో తన వెర్షన్‌ను 1.0 నుంచి మొదలుపెట్టింది. ఇలాస్టిక్‌సెర్చ్ 7 కోసం రాసిన ప్రోగ్రామ్‌లు 1.0 చూసి ‘మరీ పాతది’ అని వెనక్కి తగ్గాయి. అందుకని అడిగినవాళ్లకు 7.10.2 అని చెప్పేలా ఒక సెట్టింగు ఇవ్వాల్సివచ్చింది. ఇలాస్టిక్ సంస్థ అదే ఏడాది 7.14 వెర్షన్ నుంచి తన క్లయింట్ లైబ్రరీలలో అవతల ఉన్నది నిజంగా తన ఉత్పత్తేనా అని తనిఖీ పెట్టింది. అక్కడితో ఆ మారువేషం సగం పనికిరాకుండా పోయింది.

వాల్కీ చేసినది నాకు అన్నిటికన్నా సబబుగా తోస్తుంది. సమాచారం అడిగితే రెడిస్ వెర్షన్ అనే పాత గడిలో 7.2.4 అని, సర్వర్ పేరు గడిలో వాల్కీ అని, వాల్కీ వెర్షన్ అనే కొత్త గడిలో తన అసలు సంఖ్యను చెబుతుంది. పాత ప్రోగ్రామ్‌లు పాత గడి చదువుకుంటాయి, కొత్తవి కొత్త గడి చదువుకుంటాయి, ఎవరికీ అబద్ధం చెప్పినట్టు కాదు. మీ ఫోర్క్ నెట్‌వర్క్‌లో ఇతరులతో మాట్లాడేదైతే మొదటి విడుదలకు ముందే ఈ మూడు గడుల పద్ధతి పెట్టుకోండి.

ఆఫీసు లోపలి ప్యాచ్‌కు కొత్త పేరెందుకు?

అన్ని ఫోర్కులూ లోకానికి చాటాల్సినవి కావు. లైబ్రరీలో మూడు వరుసలు మార్చి ఆఫీసు వరకే వాడుకునేటప్పుడు పేరు ముట్టుకోవద్దు, వెర్షన్‌లో గుర్తు పెట్టండి. ఉబుంటు ప్యాకేజీలు దశాబ్దాలుగా చేస్తున్నది ఇదే: డెబియన్ నుంచి తీసుకుని మార్పులు చేస్తే పేరు అదే ఉంచి వెర్షన్ చివర ‘ఉబుంటు1’ అని చేరుస్తారు. పైథాన్‌లో 1.4.2 వెర్షన్‌కు కూడిక గుర్తు పెట్టి సంస్థ పేరు చేర్చవచ్చు. అది 1.4.2 కన్నా కొత్తదిగా లెక్కకు వస్తుంది, పైపీఐ అలాంటివాటిని తీసుకోదు కాబట్టి పొరపాటున బయటికి పోయే భయమూ లేదు.

ఎన్‌పీఎంలో ఇదే పని చేయబోయి చాలామంది బోల్తా పడతారు. అక్కడ కూడిక గుర్తు తర్వాత రాసినదాన్ని వెర్షన్లు పోల్చేటప్పుడు లెక్కలోకి తీసుకోరు. సరే అని అడ్డగీత పెడితే 1.4.2 తర్వాత అడ్డగీతతో రాసినది 1.4.2 కన్నా పాతదైపోతుంది, అది విడుదలకు ముందరి నమూనా అని ఎన్‌పీఎం అర్థం చేసుకుంటుంది. అందుకని అక్కడ ఆఫీసు స్కోప్ కింద పెట్టుకుని, వాడే చోట పాత పేరుకు మారుపేరుగా రాసుకోవడమే నయం. ఎన్‌పీఎం 6.9 నుంచి ఈ మారుపేరు సౌకర్యం ఉంది. రస్ట్‌లో కార్గో కూడా డిపెండెన్సీ పేరు మార్చుకోనిస్తుంది.

తెలుగు ఫాంట్లకూ ఇదే గొడవ

మండలి, రామభద్ర, గిడుగు, సూరన్న లాంటి సిలికానాంధ్ర ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఓపెన్ ఫాంట్ లైసెన్స్ కింద దొరుకుతాయి. ఈ లైసెన్స్‌లో రక్షిత పేరు అనే నిబంధనకు వీలుంది. ఫాంట్ చేసినవాళ్లు ఒక పేరును అలా ప్రకటిస్తే, మార్చిన ఫాంట్‌ను వాళ్ల రాతపూర్వక అనుమతి లేకుండా ఆ పేరుతో ఇవ్వకూడదు. ఒక వత్తు సరిగా కూర్చోవడం లేదని సరిదిద్ది పంచాలనుకుంటే ముందు లైసెన్స్ ఫైలు పైన ఆ ప్రకటన ఉందేమో చూడండి. ఉన్నా లేకున్నా పేరు మార్చడమే మంచిది. ఫైలు పేరు మార్చితే సరిపోదు. ఫాంట్ లోపల నమోదైన కుటుంబం పేరు మారాలి, వర్డ్‌లోనూ లిబ్రేఆఫీస్‌లోనూ జాబితాలో కనబడేది అదే. ఒకే కుటుంబం పేరుతో రెండు ఫాంట్లు ఉంటే ఏది తెరమీదకు వస్తుందో మీ చేతిలో ఉండదు. అచ్చుకు పంపిన పీడీఎఫ్‌లో పాత వత్తు ప్రత్యక్షమయ్యేది ఇలాగే.

ఇక ఎంచుకోవడం

మూల ప్రాజెక్టు ఆగిపోయి, మీరు కొనసాగిస్తున్నారా? ప్రాజెక్టుకూ ప్యాకేజీకీ కొత్త పేరు, లోపల పాత పేరు. లైసెన్స్ గొడవతోనో, దారులు వేరవడంతోనో బతికి ఉన్న ప్రాజెక్టు నుంచి విడిపోతున్నారా? పైనుంచి కిందిదాకా కొత్త పేరు, పాతదానితో కలిసిపోవడానికి విడి ప్యాకేజీ. ఒక బగ్ కోసం కొద్ది రోజుల ఫోర్క్ అయితే రిజిస్ట్రీ జోలికే పోవద్దు, గిట్ చిరునామాతోనో రీప్లేస్ వరుసతోనో గడిపేయండి. ఎన్‌పీఎం లైబ్రరీ అయితే స్కోప్. తోక పద్ధతి నా జాబితాలో అట్టడుగున ఉంటుంది.

పేరు ఖాయం చేసే ముందు అది నాలుగైదు రిజిస్ట్రీలలో ఖాళీగా ఉందో లేదో చూడాలి. పైపీఐలో అడ్డగీత, కింద గీత, చుక్క అన్నీ ఒకటే, పెద్ద చిన్న అక్షరాల తేడా లేదు. ఎన్‌పీఎం కూడా 2017 చివరి నుంచి కేవలం విరామ చిహ్నాలతో వేరుపడే పేర్లను ఒప్పుకోవడం లేదు. ప్యాకేజీ పేరు, ఇంపోర్టు పేరు తప్పనిసరిగా వేరైతే, ఇంపోర్టు పేరును కూడా రిజిస్ట్రీలో మీరే నమోదు చేసుకోవడం మంచిది. అందులో కోడ్ ఉండనక్కర్లేదు, అసలు ప్యాకేజీ పేరు చెప్పి ఆగిపోయే సందేశం చాలు. సైకిట్-లెర్న్ అనే పైథాన్ లైబ్రరీ వాళ్లు తమ ఇంపోర్టు పేరు ‘ఎస్‌కేలెర్న్’తో చేసినది అదే. ఎప్పుడైనా మీ ఫోర్క్ పేరు మార్చాల్సి వచ్చినా పాత పేరును రిజిస్ట్రీ నుంచి చెరిపేయకండి. పైపీఐలో ప్రాజెక్టును తొలగించిన మరుక్షణం నుంచి ఆ పేరు ఎవరైనా తీసుకోవచ్చు, మీ పాత వినియోగదారుల సర్వర్లు మాత్రం ఆ పేరుతోనే కొత్త వెర్షన్లు అడుగుతూ ఉంటాయి.